పెండ్లికూతురి మేలిముసుగు



పెండ్లి నిశ్చయమైన యింట పెద్దలు తేల్చవలసిన విషయములు పెక్కులుండును. ముహూర్తమెన్నడు, పందిరి యెచ్చట, వంటవారెవరు, బంధువులకు పెట్టుబట్టలు ఎంతలో తేవలెను అనునవి మనమెఱిగిన ప్రశ్నలే. ఇటీవలి సంవత్సరములలో వీనికి మఱియొకటి చేరినది. పెండ్లికూతురి తలపై మేలిముసుగు వేయవలెనా? వేసినచో ఎట్టిది వేయవలెను? చలనచిత్రములలోను, సెల్‌ఫోనులలో వచ్చు పెండ్లిబొమ్మలలోను పలుచని నెట్టు గుడ్డను తలనుండి వీపుమీదికి జాఱవిడిచిన వధువులను మన పిల్లలు చూచుచున్నారు. పిల్ల అది కావలెననును. అవ్వ అది మన యింట లేదనును. తండ్రి వెల యెంతయని యడుగును. పెండ్లి నిలిచిపోవుటకు ఇది చాలిన కారణము కాకపోయినను, మనస్సులు నొచ్చుకొనుటకు చాలును.

ఇట్టి తగవు తీర్పవలసినవారు ఇంటిపెద్దలు. ఇది ఆడువారి అలంకారము, మనకేల యని వారు తప్పించుకొనరాదు. వద్దనుటకైనను, సరే యనుటకైనను కారణము తెలిసియుండవలెను. ఆ కారణములను విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా మాటను సరిచూచుకొందము. సంస్కృతమున ముసుగునకు అవగుంఠనమని పేరు. తెలుగువారి పెండ్లిలో ముసుగనదగినవి మూడు గలవు. మొదటిది వధూవరుల నడుమ పట్టు తెర. దీనినే అడ్డుతెర యనియు, తెరసెల్ల యనియు అందురు. రెండవది చీర చెఱగునే తలమీదికి తీసికొనుట. మూడవది చీరతో సంబంధము లేక వేఱుగా తలకు తగిలించు పలుచని వస్త్రము. దానినే యిప్పుడు మేలిముసుగని పిలుచుచున్నారు. ఈ మూడింటి పని వేఱువేఱు. మూడింటిని ఒకటిగా భావించుట వలననే తగవు పుట్టుచున్నది.

తెర సంగతి చూడుడు. కన్యను పందిరిలోనికి తోడితెత్తురు. కొన్ని యిండ్లలో మేనమామ ఆమెను గంపలో కూర్చుండబెట్టి యెత్తుకొని వచ్చును. ఇద్దఱు బంధువులు తెరను చెరియొక కొన పట్టుకొని నిలుతురు. తెరకు ఈవల కన్య, ఆవల వరుడు. మంగళాష్టకములు చదువుదురు. సుముహూర్తమున ఒకరి నడినెత్తిన ఒకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచుదురు. తెర తొలగును. వారు ఒకరి నొకరు చూచుకొందురు. మన పూర్వులు ఈ ముసుగును పిల్ల తలపై పెట్టక, ఇద్దఱి నడుమ పెట్టిరి. అది పిల్లకెంతయో పిల్లవానికిని అంతయే. దానిని మోయు పని బంధువులది. అది యుండు కాలము కొంచెము సేపు. చూపునకు ఒక ముహూర్తము నేర్పఱచుటయే దాని ప్రయోజనము.

ఇందువలన ఒక నిర్ణయము తేలుచున్నది. మన వివాహమునకు కావలసిన ముసుగు తెరయే. తెర పట్టి, సకాలమున తొలగించినచో ఆచారము తీఱినది. తలపై వేయు మేలిముసుగు మనకు విధి కాదు, నిషేధమును కాదు. అది యొక అలంకారము. అలంకారమైనదానిని అలంకారముగనే పరీక్షింపవలెను. జడకు తగినదా, చీరకు తగినదా, పెండ్లిపనులకు అడ్డురానిదా, పిల్లకు సుఖమైనదా అని అడుగవలెను.

ఈ నిర్ణయమునకు కావ్యములలోను ఆధారము గలదు. కాళిదాసుని శాకుంతలమున అయిదవ అంకమందు శకుంతల అవగుంఠనముతో దుష్యంతుని యెదుటికి వచ్చును. రాజు ఆమెను గుర్తింపలేకపోగా గౌతమి ఆ ముసుగును తొలగించును. అది రాజసభకు పోవు కులస్త్రీ ధరించిన ముసుగు. పెండ్లిపీటమీది ముసుగు కాదు. భాసుని ప్రతిమానాటకమున మొదటి అంకమందు, వనవాసమునకు బయలుదేరుచు రాముడు సీతను ముసుగు తీయుమనును. పౌరులు ఆమెను చూచుటలో దోషము లేదని ఆయన యభిప్రాయము. స్త్రీలను చూచుట దోషము కాని సందర్భములను లెక్కించుచు ఆయన వివాహమును గూడ పేర్కొనును. వాల్మీకి రామాయణము యుద్ధకాండలో, రావణవధానంతరము సీతను అందఱి యెదుటికి తెచ్చునప్పుడు, ఇట్టి మాటయే రాముని నోట వచ్చును. అచ్చటను వివాహము లెక్కలో నున్నది. ముసుగు లోకాచారమైయున్న కాలమునందు సైతము పెండ్లి దానికి మినహాయింపుగా నుండెనని దీనివలన గ్రహింపనగును.

మన సీమలోనే సాక్ష్యము చూడగోరువారు లేపాక్షికి పోవచ్చును. విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దిలో, వీరభద్రాలయపు కప్పుమీద చిత్రించిన బొమ్మలలో పార్వతీకల్యాణము గలదు. ఆ యాలయపు చిత్రములలో స్త్రీల కొప్పులు, చీరల అంచులు, చారలు నేటికిని కానవచ్చుచున్నవి. చిత్రకారుడు కొప్పును దాచలేదు. చీరను చూపినంత శ్రద్ధగా దానిని చూపినాడు.

ఇక పెండ్లిపనులను చూతము. మన పెండ్లిలో తలమీద జరుగునవి ఎన్ని గలవో లెక్కింపుడు. ఆపస్తంబ గృహ్యసూత్రము ననుసరించువారి యిండ్లలో కన్య శిరస్సున దర్భచుట్ట నుంచి, దానిపై కాడి రంధ్రము నుంచి, అందు బంగారము పెట్టి, మంత్రపూర్వకముగా నీరు విడుచుట గలదు. ఆ తరువాత కట్టించునది అహతవస్త్రము, అనగా ఇంకను ఉదుకని క్రొత్తవస్త్రము. జీలకఱ్ఱ బెల్లము నడినెత్తిన ఉంచవలెను. బాసికమును నొసట నుంచి దారములను తలవెనుక ముడివేయవలెను. తాళి కట్టునప్పుడు ఆడుబిడ్డ జడను పైకెత్తి పట్టుకొనవలెను. వరుడు మెడవెనుక మూడు ముళ్లు వేయవలెను. తలంబ్రాలు దోసిళ్లతో తలపై పోసికొందురు. లాజహోమమున కన్య అగ్నివైపు వంగి పేలాలు వేయును.

తలపై వేఱు ముసుగున్నప్పుడు ఇవి సరిగా సాగవు. జీలకఱ్ఱ బెల్లము గుడ్డకంటుకొనును, నడినెత్తిని తాకదు. తలంబ్రాల బియ్యము నెట్టు కన్నులలో చిక్కుకొనును. తెల్లగుడ్డకు పసుపు మఱకలు పడును. బాసికపు దారము ముసుగు పైనుండి కట్టినచో జాఱును. క్రిందనుండి కట్టినచో ముసుగు లేచిపోవును. తాళి ముడివేయు చేతులకు గుడ్డ అడ్డుపడును. వంగినప్పుడు దాని కొనలు హోమగుండమువైపు వ్రేలాడును.

కావున మేలిముసుగునకు తగిన సమయములు రెండే గలవు. ఒకటి, పిల్లను పందిరికి తోడితెచ్చునది మొదలు పీటపై కూర్చుండువఱకు. రెండవది, పెండ్లితంతు ముగిసి బంధుమిత్రులు దీవించునప్పుడు, విందు జరుగునప్పుడు. తెర పట్టుటకు ముందే ముసుగును తీసి మడిచి, నమ్మకమైన మనిషి చేతికి ఈయవలెను. ఈ యొక్క నియమమును ముందుగా ఒప్పుకొనినచో అవ్వకును మనుమరాలికిని గల తగవు చాలవఱకు తీఱును. అవ్వ కోరినది ఆచారము. మనుమరాలు కోరినది శోభ. రెండింటికిని వేఱువేఱు గడియలు దొరకినవి.

ఎన్నుకొనుటలో వరుస ముఖ్యము. పెక్కుమంది అంగడిలో నచ్చిన ముసుగును ముందు కొని, తరువాత దానికి తగినట్లు జడను మార్ప జూతురు. ముసుగు నిలుచునది జుట్టుమీద, కనబడునది చీరమీద. కావున చీరయు జడయు తేలిన పిదపనే ముసుగు మాట యెత్తవలెను.

మన పెండ్లికూతురికి అనాదిగా వచ్చినది వాలుజడ. జుట్టు చాలనిచో సవరము కలిపి అల్లుదురు. నొసటికి దిగు పాపటచేరు, నడినెత్తిన రాగిడి, ఇరుప్రక్కల సూర్యచంద్రులు, జడపొడవున బిళ్లలు, చివర జడకుప్పెలు. ఇట్టి జడ తానే యొక ఆభరణము. దానిపై దట్టమైన ముసుగు వేసినచో జడకై పడిన శ్రమయు, పెట్టిన బంగారమును మఱుగునపడును. వేయదలచినచో మిక్కిలి పలుచనిదానిని రాగిడికి వెనుకగా తగిలించి, రెండు పాయలుగా భుజములవైపు వదలవలెను. నడుమ జడ కనబడవలెను. పూలజడయైనచో ముసుగు మానుటయే మేలు. గుడ్డ రాపిడికి మల్లెలు నలుగును. కనకాంబరముల తొడిమలు నెట్టు కన్నులలో చిక్కుకొని, ముసుగు తీయునప్పుడు పూలు రాలును. మల్లెలు, కనకాంబరములు, మరువము కూర్చి అల్లిన జడకు మీద మఱియొక శోభ అక్కఱలేదు.

కొప్పునకు ముసుగు బాగుగా నిలుచును. కొప్పు క్రిందుగా మెడపై నున్నచో ముసుగును కొప్పునకు పైభాగమున తగిలింపవలెను. గుడ్డ కొప్పుమీదుగా సాఫీగా దిగును. కొప్పు ఎత్తుగా నున్నచో దాని క్రింద తగిలింపవలెను. కొప్పును దానిచుట్టునున్న పూలును అందఱకు కనబడును. ఎత్తుకొప్పుమీద ఎత్తుగా ముసుగు నిలిపినచో మనిషి పొడవుగా కనబడును. పొట్టిపిల్లకు అది నప్పవచ్చును. పొడవైన పిల్లకు మాత్రము వలదు. వరునికంటె ఎత్తున్నదని పందిరిలో గొణుగువారు ఎక్కడనైనను ఉందురు.

జుట్టు పలుచనైన పిల్లకు పిన్నులు నిలువవు. అట్టివారికి చిన్న దువ్వెనకు ముసుగు అంచును కుట్టి, ఆ దువ్వెనను సవరపు ముడిలో గ్రుచ్చవలెను. అప్పుడు బరువు వెండ్రుకలపై గాక అల్లికపై పడును. జుట్టు ఒత్తుగా నున్నవారికి నాలుగు చెంపపిన్నులు చాలును. రెండేసి పిన్నులను ఒకదానిపై నొకటి అడ్డముగా పెట్టినచో జాఱవు. పిన్నీసును మాత్రము పట్టుచీర జరీపై గ్రుచ్చరాదు. జరీపోగు తెగినచో మరల అతుకదు.

చీర విషయమున మూడు సూత్రములు గుర్తుంచుకొనిన చాలును. మొదటిది: చీరలో పని యెక్కువైన కొలది ముసుగులో తగ్గవలెను. ధర్మవరపు పట్టుచీరకు అంచు వెడల్పు, కొంగునిండ జరీ. లేపాక్షి లతామంటపపు స్తంభములమీది లతలు, పువ్వులు నేతవారికి మాదిరులుగా ఉపయోగపడినవి. అట్టి చీరపై పూలపని లేక, అంచున సన్నని జరీగీత మాత్రమున్న ముసుగు తగును. చీరయు ముసుగును రెండును మెఱసినచో చూపరుల కన్ను ఎచ్చటను నిలువదు.

రెండవది: ముసుగు బరువు చీర బరువును మించరాదు. కర్నూలునకు ఉత్తరమున నున్న గద్వాల చీరకు నడుమ నూలు, అంచు కొంగులు పట్టు. వెంకటగిరి నూలుచీర మిక్కిలి సన్ననిది. కడప జిల్లాలో వొంటిమిట్టకు చేరువనున్న మాధవరమునందును చేనేత చీరలు నేయుదురు. ఇట్టి తేలికచీరలపై రాళ్లు, పూసలు కుట్టిన ముసుగు వేసినచో అది భుజముమీది పైటను వెనుకకు లాగి ముడుతలు పెట్టును, తలనుండియు జాఱుచుండును. వీనికి నూలుతోనో పట్టుతోనో నేసిన పలుచని వస్త్రమే సరి.

మూడవది రంగు. తెలుపులో రెండు విధములు గలవు: కాగితపు తెలుపు, మీగడ తెలుపు. ముహూర్తమున కట్టు మధుపర్కములు తెల్లని నూలుబట్టలు, ఎఱ్ఱని అంచుగలవి. వానికి సహజముగా మీగడఛాయ యుండును. వాని ప్రక్కన కాగితమువలె మెఱయు ముసుగు పెట్టినచో క్రొత్తచీర మాసినట్లు కనబడును. పట్టుచీర జరీ పసిడిఛాయదైనచో ముసుగు జరీయు అట్టిదే కావలెను; వెండిఛాయ అచ్చట వెలవెలబోవును. అంగడి దీపముల వెలుగును నమ్మరాదు. చీర కొంగును వెంట తీసికొనిపోయి, వాకిట పగటివెలుగులో రెండును చేర్చి చూడవలెను. పెండ్లి రాత్రియైనచో దీపపు వెలుగులోను ఒకమాఱు చూడవలెను.

పొడవు కొలుచుటకు దారము చాలును. ముసుగు తగిలించుచోట దారపు కొన పట్టి, మోచేతివఱకు ఒకటి, చేతివ్రేళ్ల కొనలవఱకు ఒకటి తీసికొనవలెను. అయిదడుగుల పిల్లకు మొదటిది సుమారు 2 అడుగులు, రెండవది సుమారు 3 అడుగులు ఉండును. ఈ రెంటి నడుమ నున్న పొడవు మనకు సరిపోవును. జడకుప్పెలు ముసుగునకు క్రిందుగా కనబడవలెను. నేలవఱకు దిగు ముసుగు మన పెండ్లికి తగదు. మనది పీటమీద కూర్చుండి చేయు పెండ్లి. కూర్చుండినప్పుడు అంత గుడ్డయు క్రింద కుప్పపడును. లేచునప్పుడు ఎవరి కాలైన దానిపై నున్నచో పిల్ల తల వెనుకకు గుంజబడును.

నేలవఱకు దిగు ఆ తెల్లముసుగు ఎచ్చటనుండి వచ్చినది? అది యూరపు ఖండపు మర్యాద. ఇంగ్లండు రాణి విక్టోరియా 1840వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన జరిగిన తన వివాహమున తెల్లని పట్టు దుస్తు ధరించి, తలపై పూలదండ పెట్టుకొని, హోనిటన్ లేసుతో చేసిన ముసుగు వేసికొనెను. అటు తరువాత తెల్లదుస్తు, లేసు ముసుగు ఆ దేశములలో మిక్కిలి వ్యాపించినవి. క్రైస్తవ మిషనుల వెంట ఆ మర్యాద మన దేశమునకును వచ్చినది. 19వ శతాబ్దిలో మిషనరీల వలన నేర్చిన లేసు అల్లికయే గోదావరి తీరమున నరసాపుర ప్రాంతపు స్త్రీలకు జీవనోపాధియైనది. నంద్యాలలోని హోలీ క్రాస్ కెథెడ్రల్ వంటి దేవాలయములు గల మన సీమలోను తెలుగు క్రైస్తవ వధువులు తెల్లనిదో, లేతవన్నెదో పట్టుచీర కట్టి, కొప్పునకు ముసుగు తగిలించుకొనుట సాధారణము. అచ్చట వధూవరులు నిలుచుండి ప్రమాణములు చేయుదురు. తలపై పోయు తలంబ్రాలు లేవు, హోమాగ్ని లేదు. కావున ఆ ముసుగు ఆ పెండ్లికి చక్కగా అమరినది.

మన ముస్లిము సోదరుల యిండ్లలో వధువు దుపట్టా తల కప్పును. నిఖా సమయమున ఆమె అంగీకారమును అడిగి తెలిసికొందురు. పిమ్మట జల్వా యను వేడుక జరుగును. వధూవరుల నడుమ అద్దము నుంచి, పైన వస్త్రము కప్పగా, వారు ఆ యద్దములో ఒకరి ముఖము నొకరు చూచుకొందురు. మన తెర తొలగుటయు, వారి అద్దము చూచుటయు ఒక్క భావమునకు చెందినవే. హైదరాబాదు వారి ఖడా దుపట్టా 6 గజముల పొడవు గలది. అంత వస్త్రమును తల యొక్కటియే మోయదు. భుజములమీదికి పంచి పిన్నులు పెట్టుదురు. సుగాలీ తండాలలో స్త్రీల తలగుడ్డకు అద్దములు, గవ్వలు, పూసలు కుట్టియుండును. అది బరువైనదే, గాని దానితో ధరించు లంగా, రవిక అంతకంటె బరువైనవి. ఈ మూడుచోట్లను ముసుగు, దుస్తు, పెండ్లితంతు ఒకదానికొకటి సరిపడియున్నవి. ఒకరి ముసుగును మాత్రము తెచ్చి మఱియొకరి తంతులో పెట్టినప్పుడే చిక్కు వచ్చును.

ఇంతవఱకు చెప్పినది అందమును గుఱించి. ఇక చెప్పబోవునది ప్రాణమును గుఱించి. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములలో ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట మనమెఱిగినదే. వైశాఖ జ్యేష్ఠముల ముహూర్తములు ఆ దినములలోనే వచ్చును. పిల్ల ఉపవాసముండి, పట్టుచీర కట్టి, నగలు పెట్టి, హోమపు సెగ దగ్గఱ గంటలతరబడి కూర్చుండును. తలచుట్టు గాలి ఆడకుండ ముసుగు బిగించినచో కన్నులు తిరుగుట వింత కాదు. పీటమీద పడిపోయిన పిల్లను చూచి దృష్టిదోషమని దిష్టి తీయుదురు; ముసుగు తీసి నీరిచ్చినచో తేఱుకొనును.

అంతకంటె పెద్దది నిప్పు భయము. గుడ్డ యేజాతిదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష గలదు. అంచునుండి ఒక దారము లాగి, పట్టకారుతో పట్టి, ఇనుపపళ్లెముపై వెలిగించి చూడవలెను. నూలైనచో కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులును. పట్టైనచో వెండ్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపిన పొడియగు నల్లని పూస మిగులును. నైలాను, పాలియెస్టరు ఐనచో కరగి గట్టిపూసయై నిలుచును. కరిగిన ఆ ముద్ద చర్మమునకంటుకొని లోతుగా కాల్చును. అంగళ్లలో చౌకగా దొరకు నెట్టు చాలవఱకు ఈ జాతిదే. నూలు మేలుగదా యని నిర్భయముగా నుండరాదు. పలుచని నూలును నిప్పు తొందరగా అందుకొనును. కావున గుడ్డ యేదైనను హోమగుండమునకు, కర్పూరహారతికి, దీపపు కుందులకు, బాణసంచాకు దూరము. ముసుగును తెరకు ముందే తీయవలెనని నేను చెప్పుటకు ఇది కడపటి కారణము, కాని మొదట లెక్కింపదగినది.

వెల మాట. మనది వానను నమ్ముకొన్న సీమ. ఒక్క పూట ధరించు వస్త్రమునకై అప్పు చేయుట తగదు. పిల్ల కోరికను త్రోసివేయుటయు తగదు. చౌక మార్గములు మూడు గలవు. పట్టణములలో అద్దెకు దొరకుచో ఉతికి ఆరవేసినదానినే తేవచ్చును. లేదా మన నేతవారియొద్ద పలుచని నూలుగుడ్డ 2 గజములు కొని, అంచున సన్నని జరీపట్టీ కుట్టించినచో తేలికయైన ముసుగగును. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరు మన సీమలోనిదే. నేతకు మనము పరాయిచోట్లకు పోనక్కఱలేదు. మూడవది అన్నిటికంటె సులభము. చీర చెఱగునే తలమీదికి తీసికొనుట. చీర కట్టునప్పుడు కుచ్చెళ్లు ఒకటి రెండు తగ్గించి చెఱగును పొడవుగా వదలినచో అది తలమీదుగా వచ్చి రెండవ భుజముమీదికి దిగును. అంచు జరీయే ముఖముచుట్టు దిద్దినట్లుండును. వేఱు రంగు సరిచూడ నక్కఱలేదు, పైకము అక్కఱలేదు. అవ్వయు దీనిని కాదనదు.

కొందఱు తల్లి పెండ్లిచీర కొంగును కత్తిరించి కూతురికి ముసుగుగా కుట్టింతురు. భావము మంచిది. కాని పాతపట్టు మడతలవెంబడి పగులును. వెలుగునకు పట్టి చూచి, మడతలవద్ద పోగులు విడియున్నచో కత్తిరింపక, ఆ చీరను అట్లే దాచుట మంచిది.

ఏది యెన్నుకొనినను పెండ్లికి నాలుగు దినములు ముందుగా ఇంటిలో ఒకమాఱు పరీక్షింపవలెను. జడ అల్లి, చీర కట్టి, ముసుగు తగిలించి పిల్లను ఒక గంటసేపు ఉండనీయవలెను. పీటపై కూర్చుండవలెను, లేవవలెను, పెద్దల పాదములకు వంగి మ్రొక్కవలెను, తలను ఇరువైపుల త్రిప్పవలెను. మ్రొక్కునప్పుడు ముసుగు ముఖముమీదికి జాఱినచో పిన్నులు చాలవు. తల లాగుచున్నదని పిల్ల చెప్పినచో గుడ్డ బరువు. చెమట పట్టినచో నేత దట్టము. ఆమె చెప్పినదే ప్రమాణము; ఆ తల మనది కాదు.

కడపట ఒక మాట. ముసుగు ముఖమును కప్పునది. పెండ్లిలో సాక్షులమై కూర్చుండు మనకు ఆ ముఖము చూడవలసిన పని గలదు. పూర్వము ఏమియు తెలియని పసిపిల్లలకు పెండ్లిండ్లు చేసిరి. 1929లో వచ్చిన శారదా చట్టము ఆడపిల్లకు 14 ఏండ్లు నిండవలెనని నిర్ణయించెను. 1978లో ఆ వయస్సును 18 ఏండ్లు చేసిరి. 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టమును ఆ వయస్సునే నిలిపినది. ఈ చట్టములు పుస్తకములలో నున్నవి. వానిని పందిరిలో నిలుపవలసినవారు ఊరిపెద్దలు. పిల్ల వయస్సు వచ్చినదా, తన యిష్టముతో పీట నెక్కినదా అని తెలిసికొనుటకు శుభలేఖ చాలదు. ముందే పిల్లను ప్రేమగా అడుగవలెను, పందిరిలో ఆమె ముఖము చూడవలెను. తెర తొలగినప్పుడు వరుడొక్కడే చూచునని తలంపరాదు. బంధుకోటి యంతయు చూచును. ఆ ముఖమున కన్నీటికి బదులు నిండుతనము కనబడినప్పుడే మన అక్షతలకు అర్థము గలదు.

కాబట్టి మేలిముసుగు వచ్చినదని కలత చెందనక్కఱలేదు. తెరను దాని స్థానమున నిలుపుడు. జడను, చీరను ముందు తేల్చుడు. ముసుగును తేలికగా, పొట్టిగా, నిప్పునకు దూరముగా ఉంచి, ముహూర్తమునకు ముందు తీయించుడు. పిల్ల మాట వినుడు. అటుపై ఆమె తలపై నుండవలసినది పెద్దల చేతి అక్షతలే.

శుభమస్తు.